గోడ బయటి మట్టి

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగడం అవగానే దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "మీరు చేసినవాటిలో కష్టమైన సైటు ఏది మేడమ్?" అని. పేరు మోసిన ఏ పెద్ద ఫ్యాక్టరీ గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం ప్రతిసారీ బెంగాల్‌లో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లోని ఒక చర్చి ఆవరణ గురించే చెబుతాను. ఒక పెళ్ళిపందిరి వేస్తే నిండిపోయే జాగా అది. వాళ్ళ మొహాలు కాస్త చిన్నబోతాయి. కథ పూర్తయ్యేసరికి మాత్రం టీ ఇంకొకసారి పెట్టమంటారు.

పాడైన మట్టిని బాగుచెయ్యడం నా వృత్తి. నూనెలు ఇంకిన నేలలు, రంగుల కర్మాగారాల వెనక నేలలు, బూడిద గుట్టల కింది నేలలు, ఇలా దేశమంతా తిరిగాను. ఎక్కడ తవ్వాలో చెప్పడం పెద్ద విషయం కాదు. ఎక్కడ ఆపాలో చెప్పగలగడమే అసలు పని. అది నాకు బాగా వచ్చు. ఈ వయసులో వినయం నటించి ప్రయోజనం లేదు కాబట్టి ఉన్నమాట చెబుతున్నాను.

పదవీ విరమణకు కాస్త ముందు మా కంపెనీకి వాట్‌గంజ్‌లో ఒక సైటు వచ్చింది. పాత బ్యాటరీలు పగలగొట్టి, అందులోని సీసం కరిగించిన బట్టీ అది. మూతపడి చాలాకాలమైంది. హైదరాబాదు బిల్డర్లు ఆ స్థలం కొని అపార్టుమెంట్లు కట్టాలనుకున్నారు. అంతకుముందు నేలను శుభ్రం చేసి, ప్రభుత్వ అధికారి చేత సరే అనిపించుకోవాలి. ఆ శుభ్రం చేసే బాధ్యత మాది. సైటులో పరీక్షలన్నీ నా చేతిలో ఉండేవి.

నాకు ఆ సైటు దక్కడం యాదృచ్ఛికమే కానీ, ఆ పేట నాకు కొత్త కాదు. మా నాన్న అక్కడి డాక్‌లో క్రేను నడిపేవాడు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడరేవు పనులకు వచ్చి స్థిరపడ్డ మావాళ్ళు ఆ సందుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఫ్యాక్టరీ గోడకు ఆనుకునే మా తెలుగు చర్చి. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది అక్కడి సండే స్కూల్లోనే. పెళ్ళయ్యాక ఆ పేట వదిలేశాను. క్రిస్మస్‌కు తప్ప పెద్దగా వెళ్ళింది లేదు.

సైటు మనుషుల గురించి చెప్పాలి. మా సూపర్‌వైజరు బెంగాలీ. వయసులో ఎవరు పెద్దో తేల్చుకోకుండానే నేను ఆయన్ని దాదా అనేదాన్ని, ఆయన నన్ను దీదీ అనేవాడు. సీసం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటే. ఆ దుమ్ము నోట్లోకి పోకూడదు, ఇంటికీ పోకూడదు. అందుకని సైటు లోపల తినడం, బీడీ కాల్చడం నిషేధం. బయటికి వెళ్ళేటప్పుడు బూట్లు, బట్టలు మార్చుకోవాలి, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. దాదా భోజనాల వేళ గేటు దగ్గర హెడ్‌మాస్టరులా నిలబడి ఒక్కొక్కడి గోళ్ళు చూసేవాడు. తనకేమో పాన్ అలవాటు. ఒక్క పాన్ కోసం బట్టలు మార్చి, చేతులు కడిగి, గేటు దాటి వెళ్ళి, నమిలి, నోరు పుక్కిలించి, మళ్ళీ బట్టలు మార్చుకుని వచ్చేవాడు. ఆ తతంగమంతా అవడానికి పట్టే సమయం చూసి ఒకరోజు నేను నవ్వితే, "దీదీ, పాన్ మానేస్తే పనివాళ్ళకి నామీద గౌరవం పెరుగుతుంది. కానీ నాకు బతుకు మీద ప్రేమ తగ్గిపోతుంది" అన్నాడు.

మొదట్లో ఒకసారి నీళ్ళ మోటారు చెడిపోయి, చక్రాలు కడగకుండానే ఒక లారీ గేటు దాటిపోయింది. దాదా దాని వెనక పరిగెత్తి పెద్ద రోడ్డు మీద అడ్డంగా నిలబడ్డాడు. టీ కొట్టు బకెట్టు అడిగి తెచ్చి, బస్సులన్నీ హారన్లు కొడుతుంటే, పోలీసు అరుస్తుంటే, నాలుగు వైపులా చక్రాలు కడిగించి, ఆ బురద ఎత్తి గోనెసంచిలో పోయించి గానీ కదలనివ్వలేదు. ఆ తర్వాత మా డ్రైవర్లు మోటారు ఆగితే లారీ తాళాలు వాళ్ళే తెచ్చి ఆయన చేతికిచ్చేవారు.

బిల్డర్ల తరఫున వచ్చిన మేనేజరు హైదరాబాదు కుర్రవాడు. న్యూ టౌన్‌లో అద్దెకుండేవాడు. పొద్దున్నే క్యాబ్‌లో దిగి, తెల్ల బూట్లకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని సైటంతా తిరిగేవాడు. తెలుగు మాట్లాడే మనిషి దొరికిందని నన్ను చూసి తెగ సంబరపడ్డాడు. కానీ మా పేట తెలుగు అతనికి కొరుకుడు పడలేదు. "మేడమ్, చర్చి కాడ ఆ పెద్దాయన నన్ను చూసి 'ఏటి బాబూ' అన్నడు. ఏటి గురించి అడుగుతున్నడేమో అనుకుని, గంగ ఇక్కడికి దగ్గర్నే ఉంటది తాతా అని చెప్పిన" అన్నాడు ఒకరోజు. ఆ పెద్దాయనేమో ఆ కుర్రవాడికి చెవుడని నమ్మేశాడు.

పని సాఫీగా సాగింది. బట్టీ ఉన్న చోట బాగా లోతుగా, మిగతా చోట్ల తక్కువగా తవ్వి, ఆ మట్టిని ప్రమాదకర వ్యర్థాల కోసం కేటాయించిన చోటికి పంపుతున్నాం. ఎంతవరకు తవ్వాలో నిర్ణయించడానికి ఆ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ సోకని నేలలో సీసం ఎంతుంటుందో కూడా తెలియాలి. పోల్చుకోవడానికన్నమాట. ఎక్కడ చూద్దామని దాదా అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "మా చర్చి ఆవరణ" అన్నాను. సండే స్కూలు పిల్లలు ఆడుకునే నేల కన్నా శుభ్రమైనది ఇంకేముంటుంది?

మా దగ్గర తుపాకీ ఆకారంలో ఒక పరికరం ఉండేది. దాని మూతి నేలకు ఆనించి మీట నొక్కితే, కాసేపటికి ఆ మట్టిలో సీసం ఎంతుందో తెర మీద అంకె కనబడుతుంది. చర్చి ఆవరణలో అది చూపించిన అంకె మేము తవ్వుతున్న బట్టీ గేటు దగ్గరికంటే ఎక్కువ.

"దీదీ, మన బందూకుకి జ్వరం వచ్చింది" అన్నాడు దాదా.

నాకూ అలాగే అనిపించింది. పరికరం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఉండే నమూనా బిళ్ళ మీద పెట్టి చూశాను. ఖచ్చితంగా చూపించింది. సందులోకి వెళ్ళి రోడ్డు పక్కన చూశాను. తక్కువే. మళ్ళీ ఆవరణలోకి వచ్చాను. మళ్ళీ ఎక్కువే. అప్పటికి పిల్లలు చుట్టూ మూగారు. "బందూక్ ఆంటీ, నా చెప్పు మీద కొట్టు, నా బంతి మీద కొట్టు" అని గోల. వాళ్ళలో చర్చి ఊడ్చే అమ్మాయి కూతురు, అప్పుడే బడిలో చేరిన పిల్ల, గోడ వారన కూర్చుని మట్టితో సందేశ్ మిఠాయిలు చేసి ఆకుల్లో వరసగా పెడుతోంది. వేళ్ళు నాకుతూ మరీ చేస్తోంది.

నేను తాపీతో ఒక మూల చిన్న గుంట తీశాను. పైన పల్చగా బూడిదరంగు మట్టి. దాని కింద గాజులా మెరిసే నల్లటి గడ్డలు, చేతిలోకి తీసుకుంటే రాయి కన్నా బరువు. సీసం కరిగించాక బట్టీ అడుగున మిగిలే చిట్టెం అది. గోడకు అవతల లారీలకొద్దీ ఎత్తిపోస్తున్నది అదే. ఇక్కడ గడ్డి ఎందుకు మొలవదో అప్పుడు అర్థమైంది. పిల్లలు అంతగా ఆడతారు కాబట్టి మొలవదని అందరూ అనుకునేవారు.

ఆ ఆవరణ నా చిన్నప్పుడు ఇంత ఎత్తుగా ఉండేది కాదు. వానాకాలమంతా మోకాలి లోతు నీళ్ళు. నేను పేట వదిలాక ఎత్తు చేశారు. చేయించింది మా సంఘ పెద్ద. డాక్‌లో మా నాన్నతో కలిసి పనిచేసినవాడు, నేను బాబాయ్ అని పిలిచే మనిషి, మేనేజరుకు చెవుడనుకున్న ఆ పెద్దాయనే. ఓడల దారిలో పూడిక తీసిన గంగమట్టిని పోర్టువాళ్ళతో మాట్లాడి తెప్పించాడని పేట అంతా చెప్పుకునేది. చర్చి వార్షికోత్సవం నాడు పాస్టరుగారు ఆ మాట చెప్పి ప్రార్థన చేసేవారు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కాసేపు ఉండమని విషయం చెప్పాను. ఆవరణలో పిల్లల్ని ఆడనివ్వొద్దని, ఆ నేలను తీసెయ్యాలని. మాట పూర్తి కాకముందే బాబాయ్ లేచాడు.

"ఏటమ్మా, మీ నాన్న పైన క్రేనులో ఉంటే కింద నాను హుక్కు తగిలించీవోణ్ణి. నిన్ను ఎత్తుకు తిప్పినాను. నువ్వొచ్చి నా నేల ఇసం అంటావేటి? అది గంగమట్టి!"

"గంగమట్టి ఇంత నల్లగా, ఇంత బరువుగా ఉండదు బాబాయ్. అది ఫ్యాక్టరీ చిట్టెం."

"గంగమట్టే అంతన్నాను కదా. నాను తెచ్చినాను, నాకు తెల్దేటి? ఈ పిల్లలు ఇక్కడే ఆడీ పెద్దోలయ్యారు. ఎవులికేటయినాది?"

గేటుకు తాళం వేయించాడు. పిల్లల్ని ఆపడానికి కాదు, నన్ను ఆపడానికి. పిల్లలు యథాప్రకారం గోడ దూకి వెళ్ళి ఆడుకున్నారు.

ఇక మేనేజరు దగ్గరికి వెళ్ళాను. నా లెక్కలన్నీ శ్రద్ధగా విన్నాడు. విని, "మేడమ్, మీ మాట అబద్ధమని నేను అంటలేను. కానీ మన కాంట్రాక్టు గోడ దాకనే కద. ఈ ఏరియాల ఇసొంటి బట్టీలు ఒకప్పుడు శానా ఉండెనంట. ఈ చిట్టెం మన ఫ్యాక్టరీదే అని ఎట్ల చెప్తం? పైగా తెచ్చిన మనిషే గంగమట్టి అంటున్నడు. పైనోళ్ళకు నేను ఏమని చెప్పాలె?" అన్నాడు.

అతను చెప్పింది నిజమే, అదే చిక్కు. ప్రభుత్వ అధికారి కూడా నాతో అదే అన్నాడు. అది ఫ్యాక్టరీ నుంచే వచ్చిందని తేలితే శుభ్రం చేసే బాధ్యత ఆ స్థలం కొన్నవాళ్ళ మీద ఉంటుంది. తేలకపోతే చర్చి తనంతట తాను చేయించుకోవాలి. అది ఎంత పనో, ఆ పేటవాళ్ళ వల్ల అవుతుందో లేదో మా ఇద్దరికీ తెలుసు. తెప్పించినప్పటి మనుషుల్లో బాబాయ్ ఒక్కడే మిగిలాడు.

మట్టి దగ్గర దారి మూసుకుపోతే మనుషుల దగ్గర మొదలుపెట్టాలని ఈ వృత్తి నాకు నేర్పింది. తెలిసిన పిల్లల డాక్టరుగారిని ఒప్పించి, చర్చి హాల్లోనే పిల్లలకు రక్తపరీక్షలు పెట్టించాను. తల్లులు మొదట జంకారు. సూది అనగానే పిల్లలు పరిగెత్తారు. దాదా పాన్ డబ్బా నిండా బిళ్ళ చాక్లెట్లు నింపుకుని వచ్చి ఒక్కొక్కరినీ పట్టుకొచ్చాడు. బాబాయ్ తన మునిమనవడిని పంపడనుకున్నాను. కానీ ఆ పిల్లాడి తల్లి ఆయనతో చెప్పకుండా తీసుకొచ్చింది.

ఫలితాలు వచ్చాయి. చాలామందిలో కొద్దిగా ఉంది. కొందరిలో అసలు లెక్కలోకి రానంత తక్కువ. బాబాయ్ మునిమనవడు అలా బయటపడ్డవాడే. ఎక్కువగా ఉన్నది ఆ సందేశ్‌లు చేసే పిల్లకు. తల్లి ఆ కాగితం పట్టుకుని సైటు ఆఫీసుకు వచ్చింది.

"అక్కా, దీనికి తరచు కడుపునొప్పి అంటాది. బళ్ళో టీచరు దీదీమణి 'నేర్పింది నేర్పినట్టు మర్చిపోతోంది' అంటాది. మొద్దుపిల్ల అనుకుని కొట్టినాను కూడా. ఇదేనా అదంతా?"

"ఇదే అని డాక్టరుగారు కూడా ఖచ్చితంగా చెప్పలేరమ్మా. కానీ ఇది తగ్గితే మేలు. ముందు ఆ నేల మీదికి వెళ్ళనివ్వకు."

"నాను రోజూ ఊడుస్తాను గదక్కా. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. ఒక్క ఆకు ఉండనివ్వను. అంత శుబ్బరంగా ఉంచితే నా పిల్లకే ఎందుకొచ్చినాది?"

ఆమె ఊడుస్తుంటే లేచిన దుమ్మే పక్కనే కూర్చున్న పిల్ల పీల్చిందని చెప్పడం నా జీవితంలో చెప్పిన మాటలన్నిట్లోకీ కష్టమైనది. అయినా చెప్పాను. చెప్పకపోతే రేపు మళ్ళీ ఊడుస్తుంది కాబట్టి. చీపురు మానేసి, నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడవమన్నాను. పిల్లకు పెట్టే తిండి గురించి డాక్టరుగారు చెప్పింది మళ్ళీ ఒకసారి చెప్పాను. ఆమె ఏడవలేదు. కాగితం మడిచి రవికలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రెండ్రోజులకు బాబాయ్ వచ్చాడు. సైటు గేటు దగ్గర దాదా ఆయనకు హెల్మెట్ పెట్టబోతే తల విదిలించి, చివరికి పెట్టించుకుని, నా ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. ఆయన గెలిచిన మనిషి. మునిమనవడికి ఏమీ లేదు. ఆ మాటే అంటాడని సిద్ధంగా ఉన్నాను.

"మా గుంటడికి నేదు," అన్నాడు. "ఆ పిల్లకి ఉన్నాది. ఎందుకు?"

"మీవాడు మూడో అంతస్తులో ఉంటాడు బాబాయ్. బడి అవగానే ట్యూషన్, ఇంటికొస్తే ఫోను. ఆదివారం తప్ప ఆవరణలోకి రాడు. ఆ పిల్ల పొద్దస్తమానం అక్కడే ఉంటుంది. వాళ్ళమ్మ పని అక్కడే కదా."

"మరి నాకు? నానూ అక్కడే కుర్చీ ఏసుకుని కూకుంటాను."

"పెద్దవాళ్ళ ఒంట్లోకి అది అంతగా పట్టదు. చిన్నపిల్లల ఒంట్లోకి తొందరగా చేరుతుంది. పైగా మీరు మట్టి నాకరు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి తవ్వకం చూశాడు. పొక్లెయిన్ ఒక నల్లటి పెళ్ళను ఎత్తి లారీలో పోసింది. దాదా పైపుతో నీళ్ళు కొట్టిస్తున్నాడు.

"తీసీసిన తరవాత తగ్గుద్దా దానికి?"

"తగ్గుతుంది. నెమ్మదిగా. కానీ ముందు తియ్యాలి. తియ్యాలంటే ఎక్కడినుంచి వచ్చిందో ఎవరో ఒకరు చెప్పాలి."

ఆయన లేచాడు. హెల్మెట్ తీసి నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. గేటు వైపు నడిచాడు. నేను ఒత్తిడి చెయ్యలేదు. ఆయన మొహం చూశాక చెయ్యాల్సిన అవసరం లేదనిపించింది.

ఆ వారం చర్చి హాల్లో ప్రభుత్వ అధికారి సమావేశం పెట్టాడు. ఒకవైపు బెంచీల మీద పేటవాళ్ళు, ముందు కుర్చీల్లో అధికారి, మేనేజరు, నేను, దాదా. వేసవి ఉక్కపోత, పైన ఫ్యాను తిరుగుతోందే గానీ గాలి లేదు. నేను పరీక్షల ఫలితాలు చెప్పాను. మేనేజరు లేచి, తమ కంపెనీకి సానుభూతి ఉందని, కానీ ఆ మట్టి తమ స్థలం నుంచి వచ్చిందనడానికి ఆధారం లేదని, అది నది పూడిక అని సంఘం వారే చెబుతున్నారని హిందీలో చెప్పాడు. చెబుతున్నంతసేపూ నావైపు చూడలేదు.

అధికారి బెంచీల వైపు తిరిగి, "దీని గురించి ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు.

బాబాయ్ లేచాడు. ఆదివారం వేసుకునే కోటు వేసుకొచ్చాడు ఆ ఎండలో. మేనేజరు వైపు తిరిగి, అందరికీ వినబడేలా తెలుగులోనే చెప్పాడు.

"గంగమట్టి కాదు బాబూ. నాను అబద్ధం సెప్పినాను. పోర్టు ఆఫీసుకి తిరిగీ తిరిగీ కాళ్ళరిగినాయి, ఆలు మట్టి ఇవ్వనన్నారు. అప్పటికే సంఘంలో లేచి, తెస్తానని సెప్పీసినాను. మళ్ళీ లేచి, నావల్ల అవనేదని ఎలగ సెప్పేది? ఈ గోడవతల ఫోర్‌మన్ నాకు తెల్సినోడు. మా బట్టీ బూడిద కావలిస్తే పట్టుకుపో, సిమెంటులాగ గట్టిపడతాది, నీళ్ళు నిలవ్వు అన్నాడు. గోడలో ఓ పక్క ఇటుకలు తీసి, తోపుడుబళ్ళ మీద ఆడ్నించి ఈడికి తోలించినాను. పైన పల్సగా మట్టి జల్లి గంగమట్టి అన్నాను. ఇన్నేళ్ళూ మీరు నా పేరు సెప్పి ప్రార్థన సేస్తంటే తలొంచుకు కూకున్నాను. ఇసం అని మాత్రం నాకు తెల్దు. దేవుడి సాచ్చిగా తెల్దు."

నేను దాన్ని అధికారికి బెంగాలీలో చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ఇటుకలు తీసిన చోటు ఎక్కడో చూపించమన్నాడు అధికారి. బాబాయ్ ముందు నడిచాడు, మేమంతా వెనకాల. గోడలో ఆ మేర ఇటుకల రంగు వేరుగా ఉంది. నేను ఎన్నోసార్లు దాని పక్కనుంచే వెళ్ళాను. పాత గోడకు అతుకులు మామూలే అనుకున్నాను.

మేము తిరిగి హాల్లోకి వచ్చి కూర్చున్నాం. ఆ పిల్ల తల్లి లేచింది.

"తాతా, ఈ అక్క మొదటి ఆదివారం అడిగినప్పుడే సెప్పకపోయినారేటి?"

ఆయన కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. ఆమె పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది.

మేనేజరు ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. అటూ ఇటూ పచార్లు చేస్తూ మాట్లాడాడు. కిటికీ పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు వినబడింది. "సార్, పెద్దాయన అందరి ముందట నిలబడి తన పరువు తనే తీసుకున్నడు. ఆఫీసర్ గోడ కూడ చూసిండు. ఇంకా మనది కాదంటే నేను రేపటి నుంచి ఈ సందులకు రాలేను సార్. మీరే ఎవరినన్న పంపుండ్రి." అవతలివైపు ఏమన్నారో తెలియదు. చాలాసేపు విన్నాడు. తర్వాత లోపలికి వచ్చి, "గోడ అవతల పని కూడ మాదే. రాసిస్తం" అన్నాడు. దాదా నా చెవిలో, "ఈ కుర్రాడు పాన్ వేసుకుంటాడా? నేనిప్పిస్తా" అన్నాడు.

అందరూ లేస్తుంటే బాబాయ్ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట. ఎంతయినా తవ్వండి. కానీ ఎత్తు తగ్గకూడదు. వానొస్తే ఈ సందులో పొడిగా ఉండీది ఇదొక్కటే. నాను అబద్ధమాడినా ఆ ఎత్తు నిజమే." ఎత్తు తగ్గదని నేను మాటిచ్చాను. అలా మాటిచ్చే అధికారం నాకు లేదు. మేనేజరు తలూపాడు కాబట్టి సరిపోయింది.

వానలు మొదలయ్యేలోగా పూర్తి చెయ్యాలి. ఆరాధన పక్క పేట ఏక్‌బాల్‌పూర్‌లో ఒక స్కూలు హాలుకు మార్చారు. పొక్లెయిన్ పట్టనంత ఇరుకు కాబట్టి చాలామటుకు పారలతోనే తవ్వించాం. మట్టిని తడుపుతూ, సంచుల్లో మూటకట్టి, ఇటుకలు తీసిన ఆ పాత దారినే మళ్ళీ తెరిచి గోడ అవతలికి పంపాం. ఒక సాయంత్రం కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. తెరిచి ఉన్న గుంట మీద కప్పిన టార్పాలిన్లు తెరచాపల్లా లేచాయి. తడిస్తే ఆ నీళ్ళు సందంతా పారతాయి. మావాళ్ళు చాలరు. డాక్ మనుషులు కదా, పేటవాళ్ళకు తాళ్ళ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇళ్ళల్లోంచి పరిగెత్తుకొచ్చి నాలుగు పక్కలా లాగి కట్టి, గాలి తగ్గేదాకా అంచుల మీద కూర్చున్నారు. ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు. దాదా వాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, బట్టలు తడిసి ముద్దయినా సరే, చేతులు కడిగించి గోళ్ళు చూశాకే ఇళ్ళకు పంపాడు.

బాబాయ్ రోజూ సందులో కుర్చీ వేసుకుని, మాస్కు పెట్టుకుని పని చూసేవాడు. మొదట్లో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఆ పిల్ల తల్లి మాత్రం ఎప్పటిలాగే టీ తెచ్చి, ఆయన మొహం చూడకుండా కుర్చీ పక్కన పెట్టి వెళ్ళేది. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆమె అరుపులు వినబడ్డాయి. "మాస్కు మెడలో ఏసుకుంటారేటి తాతా, మఫ్లరు అనుకున్నారా? ముక్కు మీదికి లాగండి! ఎన్నిసార్లు సెప్పాలి?" ఆయన బడిపిల్లాడిలా పైకి లాక్కున్నాడు. నాకు ప్రాణం తేలికపడింది. తిట్టడం మొదలుపెట్టిందంటే మాట్లాడుతున్నట్టే.

తవ్వకం అయింది. అడుగున మా చిన్నప్పటి పాత నేల బయటపడింది. అక్కడ పరీక్షించి, చాలనుకున్న చోట ఆపించాను. తర్వాత కొత్త మట్టి లారీలు రావడం మొదలైంది. తెచ్చే చోటు నేను ముందే చూసి, పరీక్షించి ఒప్పుకున్నదే. అయినా బాబాయ్ కర్ర అడ్డం పెట్టి మొదటి లారీని సందు మొగలోనే ఆపేశాడు.

"బందూకు తెచ్చి సూసినాకే లోపలికి," అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు అరిచాడు. మేనేజరు ఫోను చేశాడు. నేను వెళ్ళి చూశాను. బాగానే ఉంది. రెండో లారీనీ ఆపాడు. అదీ బాగానే ఉంది. ఆ తర్వాత వచ్చిన వాటిలో ఒకదాంట్లో మాత్రం ఇటుక ముక్కలు, పాత రంగుల పెచ్చులు కలిసిన మట్టి వచ్చింది. దూరం తగ్గించుకోవడానికి డ్రైవరు దారిలో ఎక్కడో కూలగొట్టిన ఇంటి దగ్గర నింపుకొచ్చాడు. పాత రంగుల్లోనూ సీసం ఉంటుంది, పరికరం పెట్టగానే అంకె ఎగిరింది. లారీని వెనక్కి పంపించేశాం. మేనేజరు తెల్ల బూట్లతో బురదలో దిగి బాబాయ్ చేతులు పట్టుకుని, "తాతా, మీరు మా కంపెనీల చేరుండ్రి" అన్నాడు. బాబాయ్ నావైపు తిరిగి, "ఈ గుంటడికి సెవుడు తగ్గినట్టున్నాది" అన్నాడు.

తొలకరి పడేలోగా ఆవరణ పూర్తయింది. ఎత్తు తగ్గలేదు సరికదా, ఒక వేలెడు పెరిగింది. ఆ పిల్ల రక్తంలో సీసం నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. చదువులో ఎంత నష్టం జరిగిందో, ఎంత జరగలేదో ఎవరూ కొలిచి చెప్పలేరు. ఈ వృత్తిలో మట్టిని వెనక్కి తెచ్చినంత తేలికగా అన్నీ వెనక్కి రావు. వచ్చినంతవరకు తేవాలి. మా ఇంటికి వచ్చే ఆ కొత్త ఇంజనీర్లకు నేను చెప్పగలిగింది అంతే.

పని అప్పగించే రోజున అందరి ముందూ చివరి పరీక్ష చేశాను. కొత్త నేల మీద పేటంతా నిలబడింది. నేను వంగి, పరికరం మూతి నేలకు ఆనించి, తెర నావైపు కాకుండా బాబాయ్ వైపు తిప్పి పట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు. వాళ్ళమ్మ చెయ్యి విడిపించుకుని ఆ పిల్ల వచ్చి ఆయన పక్కనే నిలబడింది.

"ఏటొచ్చినాది తాతా?"

ఏ మట్టిలోనూ సున్నా రాదు. ఎక్కడి నేలలోనైనా సహజంగా కొంత ఉంటుంది. ఇక్కడా ఉంది, ఉండాల్సినంతే ఉంది. నా ఉద్యోగమంతా అంకెలు తప్పు చెప్పినవాళ్ళని సరిదిద్దుతూనే గడిచింది. ఆ రోజు మాత్రం సరిదిద్దలేదు.

"ఏటీ నేదమ్మా," అన్నాడు బాబాయ్. "ఎల్లి ఆడుకో."